మోకాల్లో వేసిన సూదిమందు అక్కడే ఉండిపోతుందా? ఏ దారిన, ఎంతసేపట్లో బయటపడుతుంది?

1. ఫిజియో_గోదారి
మోకాలికి స్టెరాయిడ్ వేయించుకునేవాళ్ళ కరపత్రాల్లో ఇంకా ఈ వాక్యం తిరుగుతూనే ఉంది: "ఈ మందు కీలులోనే ఉంటుంది, ఒంట్లోకి పోదు." షుగరున్నవాళ్ళు అది నమ్మి మీటరు పక్కన పెడతారు. మర్నాడో ఎల్లుండో 300 దాటితే కంగారు. కీలంటే బిరడా బిగించిన సీసా కాదు కదా! లోపల వేసింది ఏ దారిన పోతుంది, ఎంతసేపు పడుతుంది? బాగున్న మోకాలికీ, అరిగినదానికీ, కీళ్ళవాతం (రుమటాయిడ్) ఉన్నదానికీ తేడా ఏమిటి? వాతం మోకాల్లోంచి అన్నీ త్వరగా పోతాయని ఒక పుస్తకం, అక్కడ కదలికే ఉండదని ఇంకో పుస్తకం. ఏది నిజం?

2. చిల్లుకుండ
రెండూ నిజమే. ఇక దుకాణం కట్టేయొచ్చు.

3. సైనోవియం_సీతయ్య
కట్టేసే ముందు పొర సంగతి చూద్దాం. మామూలు మోకాల్లో ద్రవం అర మి.లీ. నుంచి 4 మి.లీ. దాకా, టీ చెంచా కూడా నిండదు. చుట్టూ ఉన్న సైనోవియల్ పొరలో కణాలు ఒకటి నుంచి మూడు వరసలు. పేగు లోపలి పొరకి కింద ఆధారపొర ఉంటుంది, వీటికి ఉండదు, కణానికీ కణానికీ మధ్య సందులుంటాయి. ఆ కిందనే కేశనాళికలు. వాటి గోడల్లో కిటికీలుంటాయి, అవీ ఎక్కువగా కీలు వైపుకే తిరిగి ఉంటాయి.

బయటికి రెండు గుమ్మాలు. నీరు, సోడియం, గ్లూకోజు, లిగ్నోకెయిన్ (తిమ్మిరి మందు), డైక్లోఫెనాక్ (నొప్పి మందు) లాంటి చిన్న అణువులు సందుల్లోంచి జారి నేరుగా రక్తంలో కలుస్తాయి. ఆల్బుమిన్, యాంటీబాడీల లాంటి పెద్ద ప్రోటీన్లకి కేశనాళిక గోడ అడ్డం, కాబట్టి లింఫ్ నాళాలే దిక్కు. అక్కడ సైజు అడిగేవాళ్ళు లేరు, ద్రవంతో పాటు కొట్టుకుపోవడమే.

అంటే ప్రోటీన్ లోపలికి వచ్చేటప్పుడు జల్లెడ, పోయేటప్పుడు తూము. అందుకే రక్తంలో ప్రోటీన్ డెసిలీటరుకి 7 గ్రాములుంటే మామూలు కీలు ద్రవంలో 1–2 గ్రాములే. వాతం మోకాల్లో జల్లెడ చిరిగి అది 4 దాకా, ఇంకా పైకీ పోతుంది.

4. పీజీ_రెండో_ఏడు
జల్లెడ, తూము నోట్సులోకి ఎక్కించేశాను. సెమినార్‌లో వాడేస్తా.

5. గామా_లెక్క
1వ పోస్టులో చెప్పిన రెండు పుస్తకాలూ కొట్టుకునేది ఒకే చోట: సగం కాలం (వేసినదాంట్లో సగం పోవడానికి పట్టే సమయం) వేరు, క్లియరెన్స్ (నిమిషానికి ఎన్ని మి.లీ. ద్రవం శుభ్రమైంది) వేరు.

1950ల్లో రేడియోధార్మిక సోడియం-24ని మోకాల్లో వేసి, పైన కౌంటరు పెట్టి, నిమిషాల వారీగా లెక్కలు రాసుకునేవారు. సోడియం-24 ఎక్కడికీ పోకపోయినా 15 గంటల్లో దానంతట అదే సగమవుతుంది, ఆ తరుగుదల ముందు సరిచేయాలి. లాగ్ కాగితం మీద గీస్తే కిందికి వాలే సరళరేఖ వస్తుంది, ఆ వాలులోంచి సగం కాలం తీస్తాం. కానీ వాలు చెప్పేది ఉన్నదాంట్లో ఎన్నో వంతు పోయిందనే. నిమిషానికి ఎన్ని మి.లీ. ద్రవం శుభ్రమైందో తెలియాలంటే లోపల మొత్తం ఎంతుందో కూడా కావాలి.

సగం కాలం = 0.693 × ద్రవ పరిమాణం ÷ క్లియరెన్స్

లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలివి, ఎవరి రిపోర్టులోవీ కావు. అరిగిన మోకాల్లో నీరు 10 మి.లీ., ఆల్బుమిన్ క్లియరెన్స్ నిమిషానికి 0.04 మి.లీ. అనుకోండి. సగం కాలం 173 నిమిషాలు, మూడు గంటల లోపు. వాతం మోకాల్లో 80 మి.లీ., క్లియరెన్స్ 0.08. అప్పుడు 693 నిమిషాలు, పదకొండున్నర గంటలు. తూము రెండింతలు వెడల్పయింది, చెరువు ఎనిమిదింతలైంది. క్లియరెన్స్ చూసినవాడు "వేగం" అని రాశాడు, సగం కాలం చూసినవాడు "నిదానం" అని రాశాడు.

6. చిల్లుకుండ
నేను రెండే ముక్కల్లో చెప్పాను కదండీ!

7. ఫిజియో_గోదారి
అంటే "లోపలి నీరు పోవట్లేదు, అందుకే వాచింది" అని పేషెంటుకి చెప్పేది తప్పన్నమాట?

8. గామా_లెక్క
చాలావరకు తప్పే. అమెరికాలో, సియాటిల్‌లో కీళ్ళ వైద్యుడు పీటర్ సిమ్‌కిన్ బృందం రేడియో అయోడిన్ తగిలించిన ఆల్బుమిన్‌తో కొలిచింది. వాతం మోకాళ్ళలో లింఫ్ దారి అరిగిన మోకాళ్ళ కన్నా ఎక్కువే పనిచేస్తోందని 1987లో చూపించారు. పోయేది తగ్గి కాదు, వచ్చేది దాన్ని మించిపోయి వాపు.

9. సైనోవియం_సీతయ్య
వరదప్పుడు ధవళేశ్వరంలో గేట్లన్నీ ఎత్తే ఉంటాయి. అయినా మట్టం పెరుగుతూనే ఉంటుంది. గేట్లు దించేశారని ఇంజినీర్ని తిట్టలేం.

10. వాతం_వార్డు
5, 8 పోస్టులకి నాదొక అభ్యంతరం. ఆల్బుమిన్ కథ సోడియానికి, గ్లూకోజుకి అతికించకండి. వేడిగా, ఎర్రగా మండుతున్న కీలులో రక్తం ఎక్కువ పారుతుంది, చిన్న అణువులు గబగబా పోతాయి, సరే. ఏళ్ళ తరబడి నానిన వాతం మోకాలు అలా ఉండదు. పొర దళసరై పీచు కడుతుంది, నీటి ఒత్తిడి కేశనాళికల్ని నొక్కుతుంది, కణాలు మాత్రం ఆకలిగానే ఉంటాయి. అందుకే ఆ ద్రవంలో గ్లూకోజు, ఆక్సిజన్ తక్కువ, లాక్టేటు ఎక్కువ. సరఫరా ధారాళంగా ఉంటే ఆ అంకెలు రావు. పెద్ద అణువులకి తలుపు బార్లా తెరిచి, చిన్నవాటికి సగం మూసి ఉండటం అదే మోకాల్లో ఒకేసారి జరగొచ్చు.

లింఫ్ కూడా ఎల్లకాలం అలా తోడదు. ఎలుకల్లో చూస్తే వాతం మొదట్లో మోకాలి వెనక లింఫ్ గ్రంథి ఉబ్బి, నాళాలు గట్టిగా పంపు చేస్తాయి. తర్వాతి దశలో గ్రంథి కుంగిపోయి ఆ పంపింగ్ పడిపోతుంది, కీలు మళ్ళీ భగ్గుమంటుంది.

11. గామా_లెక్క
ఒప్పుకున్నా. నేను ఆల్బుమిన్ అని రాశాను గానీ చదివేవాళ్ళు "అన్నీ" అనుకునేలా రాశాను.

12. పీజీ_రెండో_ఏడు
పరిమాణం అంటే సిరంజిలోకి వచ్చినదే వేసుకోవచ్చా? 60 తీస్తే 60?

13. గామా_లెక్క
వద్దు. చిప్ప పైనున్న సంచిలో కొంత, మోకాలి వెనక కొంత మిగిలిపోతుంది. బియ్యపుగింజల్లాంటి ఫైబ్రిన్ ముక్కలు సూదికి అడ్డం పడతాయి. కొలత కోసమైతే లేబుల్ చేసిన ఆల్బుమిన్ తెలిసినంత వేసి, మోకాలు పదిహేను ఇరవైసార్లు వంచి చాపి, కాసేపాగి 1 మి.లీ. తీసి ఎంత పలచబడిందో చూస్తారు. కలవకముందే తీస్తే పరిమాణం తప్పు, దానితో క్లియరెన్సూ తప్పు.

ఇంకో బోల్తా ఉంది. సూది కీలులోకి కాక చిప్ప కింది కొవ్వులోకి దిగితే మందు అక్కడ మడుగు కట్టి మెల్లగా పోతుంది. మనం "ఈ కీలు క్లియరెన్స్ నిదానం" అని రాసేస్తాం. నీరు లేని మోకాళ్ళలో స్కాన్ లేకుండా పొడిస్తే చిప్ప మధ్య ఎత్తులో బయటి పక్కనుంచి 93 శాతం లోపలికి దిగింది. ముందు నుంచి, లోపలి పక్క 75, బయటి పక్క 71. 2002 నాటి లెక్క అది.

14. స్కాన్_గది
ఇదంతా ఎంఆర్ఐ గదిలో రోజూ కనిపించేదే. కీలులోకి పలచని గాడోలినియం (స్కాన్‌లో మెరిసే రంగు) వేసి తీసే ఆర్త్రోగ్రామ్‌లో గంట, గంటన్నర లోపు ఫోటో తీసెయ్యాలి. ఆలస్యమైతే రంగు రక్తంలోకి పోతుంది, సంచి వదులైపోతుంది, నెలవంక (మోకాల్లోని మెత్త, మెనిస్కస్) చిరుగు సందుల్లోకి దూరాల్సింది దూరదు. పాత రోజుల్లో అయోడిన్ రంగుతో పాటు చుక్క అడ్రినలిన్ కలిపేవారు, నాళాలు ముడుచుకుని రంగు ఇంకాసేపు నిలవాలని.

ఎదురు దిశ కూడా చూడొచ్చు. నరంలోకి గాడోలినియం ఇచ్చి వాతం పొర ఎంత మందమో చూడాలంటే మొదటి 5–10 నిమిషాల్లో తీయాలి. ఆ తర్వాత పొరలోంచి రంగు ద్రవంలోకి కారుతుంది, పొర ఎక్కడ ఆగి నీరు ఎక్కడ మొదలైందో తెలీదు. అదే మృదులాస్థి చూసే స్కాన్‌కైతే ఆ కారడమే కావాలి. ఇంజెక్షన్ ఇచ్చి, పది నిమిషాలు నడిపించి, రెండు గంటల దాకా ఆగి తీస్తారు.

15. మందుల_చీటీ
అసలు ప్రశ్న స్టెరాయిడ్ గురించి. పైన చెప్పినదంతా కరిగి ఉన్న అణువుల మాట. మామూలుగా వేసే స్టెరాయిడ్లు కెనాకోర్ట్ (ట్రయామ్‌సినోలోన్ ఎసిటోనైడ్), డెపో-మెడ్రాల్ కరిగిన మందులు కావు, స్ఫటికాల ముద్ద. సీసా కదపకుండా లాగితే పైన తేట నీళ్ళు వస్తాయి, అడుగున తెల్లగా పేరుకుంటుంది. కీలులోనూ అంతే. స్ఫటికం పొర మీద కూర్చుని మెల్లమెల్లగా కరుగుతుంది. కరిగిన అణువు చిన్నది, అది వెంటనే గడప దాటేస్తుంది. కాబట్టి మందు ఎన్నాళ్ళుంటుందనేది పొర మీద కన్నా స్ఫటికం కరిగే వేగం మీద ఆధారపడి ఉంటుంది.

ఇంకో స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఫాస్ఫేటు నీళ్ళలా కరిగిపోయిన మందు, గంటల్లో ఖాళీ. వాతం మందు మెథోట్రెక్సేట్‌ని కీలులోకి వేసి చూస్తే నిలవకపోవడానికీ కారణం అదే. ట్రయామ్‌సినోలోన్ ఎసిటోనైడ్ 40 మి.గ్రా. వేస్తే ఆరో వారానికి చాలామంది కీలు ద్రవంలో కొలిచేంత దొరకదు. దాంట్లోనే ఇంకో రకం, హెక్సాసిటోనైడ్, ఇంకా తక్కువ కరుగుతుంది, ఇంకా ఎక్కువ నిలుస్తుంది. 2017 అక్టోబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకున్న రకంలో 32 మి.గ్రా. ట్రయామ్‌సినోలోన్‌ని కరిగే ప్లాస్టిక్ గుళికల్లో పెట్టారు. దాన్ని పన్నెండో వారంలోనూ కీలు ద్రవంలో పట్టుకోగలిగారు. రక్తంలోకి ఒక్కసారిగా పడదు కాబట్టి టైప్ 2 షుగరు వాళ్ళలో షుగరు పెరుగుదలా తక్కువ.

మామూలు రకంతో షుగరు మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ఎగసి, ఇంచుమించు వారంలో సర్దుకుంటుంది. పరగడుపున ఒక్కటే చూసి ఊరుకోవద్దు, భోజనం తర్వాతదీ చూడాలి. రెండు మోకాళ్ళకీ ఒకే రోజు వేస్తే రక్తంలోకి పడేదీ రెండింతలే. ఒంటికి సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి కొన్ని వారాలు మగతలో ఉండొచ్చు.

ఒక ముఖ్యమైన తప్పు. దీంట్లో లిగ్నోకెయిన్ కలుపుతారు గదా, పారాబెన్ (మందు చెడకుండా వేసేది) ఉన్న సీసాలోది కలిపితే స్ఫటికాలు గడ్డకట్టి పెరుగు విరిగినట్టు అవుతాయి. లేబుల్ మీద పారాబెన్, ఫినాల్ లేవని చూసి మరీ కలపాలి.

16. పీజీ_రెండో_ఏడు
స్ఫటికాలే ఆ రాత్రి నొప్పి తెప్పించేది కూడా కదా?

17. వాతం_వార్డు
ఔను. గౌటు (యూరిక్ ఆమ్లం పేరుకునే కీళ్ళజబ్బు) స్ఫటికానికి కీలు ఎలా చిందులేస్తుందో దీనికీ అలాగే. మొదటి రోజులోనే మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మూడో నాలుగో రోజు పెరుగుతున్న నొప్పి, జ్వరం అయితే అది స్ఫటికం అనుకుని కూర్చోకూడదు, నీరు తీసి కల్చర్‌కి పంపాలి.

18. ఫిజియో_గోదారి
వేశాక పడుకోబెట్టాలా, నడిపించాలా? ఒక్కొక్కరు ఒక్కో మాట.

19. వాతం_వార్డు
మోకాలికైతే విశ్రాంతి వైపే మొగ్గు. వాతం మోకాళ్ళకి 24 గంటలు మంచం మీద ఉంచిన వాళ్ళలో ఫలితం ఎక్కువ కాలం నిలిచిందని 1994లో బ్రిటన్ ప్రయోగం. మణికట్టులో అదే చేస్తే లాభం కనిపించలేదు.

20. ఎముక_ఏకాంబరం
మరి ఎముకల సర్జన్ సాల్టర్ ఏం చెప్పారు? టొరంటోలో కుందేలు మోకాల్లో రక్తం వేసి, యంత్రంతో అటూ ఇటూ ఆడిస్తూ ఉంచితే కదలకుండా కట్టిన కాలి కన్నా త్వరగా శుభ్రమైంది, 1983. కదలిక లింఫ్‌కి పంపు. విశ్రాంతి విశ్రాంతి అని పడుకోబెడితే కీలు బిగుస్తుంది.

21. మందుల_చీటీ
ఏకాంబరం గారూ, మీరు చెప్పినదే విశ్రాంతికి సాక్ష్యం కదా! రక్తం త్వరగా *పోవాలి*, స్టెరాయిడ్ త్వరగా *పోకూడదు*. ఒకే పంపు, ఒకచోట మేలు, ఒకచోట నష్టం.

22. ఎముక_ఏకాంబరం
సరే, దొరికిపోయాను. ఒకరోజుకి ఒప్పుకుంటా, వారానికి కాదు.

23. గామా_లెక్క
రేడియోధార్మిక మందులో ఇది చాదస్తం కాదు, నియమం. హీమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు), వాతం మోకాళ్ళ పొర మాడ్చడానికి ఇట్రియం-90 ఐదు మిల్లీక్యూరీలు వేస్తే కాలికి స్ప్లింట్ కట్టి 48 గంటలు, కొన్నిచోట్ల 72 గంటలు కదలనివ్వరు. దాని సగం ఆయుష్షు 64 గంటలు, అంటే ఆ కట్టు ఉన్నంతసేపట్లోనే దాదాపు సగం మోతాదు విడుదలవుతుంది. కాలు ఆడితే రేణువులు లింఫ్ పట్టుకుని గజ్జల్లో గ్రంథికి చేరతాయి. రేణువు సైజులో కూడా కిటుకుంది. మరీ చిన్నదైతే కారిపోతుంది, మరీ పెద్దదైతే పొర కణాలు మింగవు, అందుకే కొన్ని మైక్రాన్ల దగ్గర పట్టుకుంటారు. మన బార్క్ (బాబా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళు హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం) రేణువుల మీదికి ఎక్కించినదీ ఇందుకే.

24. సైనోవియం_సీతయ్య
వేసే ముందు నీరు తీయడం మర్చిపోకండి. 80 మి.లీ. నీళ్ళలో 1 మి.లీ. మందు వేస్తే పలచబడిపోతుంది. ముందు తోడి వేసిన వాతం మోకాళ్ళలో వాపు తిరగబెట్టడం తక్కువని స్వీడన్‌లో తేలింది. చిక్కటి ద్రవానికి 18 నంబరు సూది, చిప్ప పై అంచు బయటి పక్క నుంచి. లోపల ఒత్తిడి కూడా దిగుతుంది.

ఒత్తిడి మాట వచ్చింది కాబట్టి: మామూలు మోకాల్లో విశ్రాంతిలో ఒత్తిడి గాలి కన్నా కొంచెం తక్కువే ఉంటుంది. నీరు పట్టాక అది పైకెక్కుతుంది. అలాంటి మోకాలితో తొడ కండరం బిగిస్తే 100 మి.మీ. పాదరసం దాటిపోతుంది, కేశనాళికలు నలిగి రక్తం ఆగుతుంది, వదలగానే మళ్ళీ పారుతుంది.

25. ఫిజియో_గోదారి
అందుకే మోకాల్లో నీరు పట్టినవాళ్ళు దాన్ని 30 డిగ్రీలు మడిచి కూర్చుంటారు, ఒత్తిడి అన్నిటికన్నా తక్కువ అక్కడే. ఇంట్లోవాళ్ళు పాపం అని కింద దిండు పెడతారు. నెల్లాళ్ళకి కాలు చాపితే చాపురాదు. దిండు మడమ కింద పెట్టండి, మోకాలి కింద కాదు. వాపున్న మోకాలితో గొంతుకూర్చోవడం, లోతుగా గుంజీలు తీయడం వద్దు. నీరు తగ్గేదాకా కాలు చాపుకుని తొడ కండరం మెత్తగా బిగించి వదలడం చాలు, ఐదు సెకన్లు బిగింపు, పది సెకన్లు వదులు.

26. చిల్లుకుండ
మోకాలి వెనక కోడిగుడ్డంత ఉబ్బు వచ్చేది కూడా ఈ ఒత్తిడికేనా?

27. సైనోవియం_సీతయ్య
బేకర్ తిత్తి. కీలుకీ పిక్క కండరం దగ్గర సంచికీ మధ్య ఒకవైపే తెరుచుకునే కవాటం. మోకాల్లో ఒత్తిడి పెరిగినప్పుడు నీరు వెనక్కి పోతుంది, తిరిగి రాదు. వెనకది ఎన్నిసార్లు తోడినా ముందు మోకాలు చల్లారకపోతే మళ్ళీ నిండుతుంది. పగిలితే పిక్క వాచి నరంలో గడ్డ కట్టినట్టే కనిపిస్తుంది, డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చూడకుండా రక్తం పలచబరిచే మందు మొదలెట్టకూడదు.

28. పీజీ_రెండో_ఏడు
గుజ్జు (హైయలురోనిక్ ఆమ్లం, కీలు ద్రవానికి జిగురునిచ్చేది) ఇంజెక్షన్ సంగతి? 6 మి.లీ. ఒక్కసారి వేసి ఆరు నెలలు ఉంటుందంటారు.

29. మందుల_చీటీ
గుజ్జు ఆరు నెలలుండదు, బిల్లుంటుంది. కుందేళ్ళలో, గొర్రెల్లో కొలిస్తే సహజమైన హైయలురోనిక్ ఆమ్లం సగం కాలం ఒక రోజుకి అటూ ఇటూ. అడ్డంగా కుట్టి జెల్ చేసినది రోజుల తరబడి నిలుస్తుంది, నెలల తరబడి కాదు. నొప్పి అంతకన్నా ఎక్కువ కాలం తగ్గితే కారణం ఇంకేదో అయ్యుండాలి. అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2021లో కూడా అందరికీ మామూలుగా వాడొద్దనే రాసింది.

30. సైనోవియం_సీతయ్య
3లో నేను "సైజు అడిగేవాళ్ళు లేరు" అన్నాను, దానికి నేనే సవరణ. హైయలురోనిక్ ఆమ్లం మరీ పెద్దది, లక్షల డాల్టన్ల (అణువు బరువు కొలత) గొలుసు. నీరు సందుల్లోంచి పోతున్నకొద్దీ ఈ గొలుసులు గుమ్మం దగ్గర పేరుకుని, సింకు జాలీకి అన్నం మెతుకులు అడ్డుపడినట్టు, నీటిని కూడా ఆపుతాయి. మోకాలు మడిచి ఒత్తిడి పెరిగినా ద్రవం అంతా పిండుకుపోకుండా నిలవడానికి కారణం ఇదే. వాతంలో గొలుసులు తెగి పొట్టివవుతాయి, పలచనవుతాయి. ఆ ఆపుదల తగ్గుతుంది. వేలికీ వేలికీ మధ్య చుక్క లాగితే తీగ సాగాల్సింది నీళ్ళలా జారిపోతుందే, అదే.

31. వాతం_వార్డు
మాత్రలు ఎక్కువసార్లు మింగేవాళ్ళకి ఒక మాట. డైక్లోఫెనాక్ రక్తంలో సగం కాలం గంట, రెండు గంటలే. కీలు ద్రవంలో 3–6 గంటలు. రక్తంలో శిఖరం దాటిన రెండు గంటలకే కీలులో మోతాదు రక్తాన్ని మించి, 12 గంటల దాకా అలాగే ఉంటుంది. రక్తంలో దిగిపోయిందని నాలుగు గంటలకోసారి మింగక్కర్లేదు, కడుపు, కిడ్నీ పాడుచేసుకోవడం తప్ప.

చీము పట్టిన కీలుకి యాంటీబయాటిక్ లోపల పొడవక్కర్లేదనేదీ ఇందుకే. నరంలో ఇస్తే వాచిన పొరలోంచి కావలసినంత దిగుతుంది. చీము మాత్రం తోడాలి, అది దానంతటది పోదు.

32. గామా_లెక్క
ఇదే లెక్కతో సిమ్‌కిన్ 1977లో గౌటు అర్ధరాత్రి బొటనవేలికే ఎందుకొస్తుందో ఊహించారు. పగలంతా నడిచి అరిగిన వేలికీలులో కాస్త నీరు చేరుతుంది. రాత్రి కాలు చాపగానే నీరు త్వరగా వెనక్కి పోతుంది, యూరిక్ ఆమ్లం నెమ్మదిగా పోతుంది. మిగిలిన కాస్త ద్రవంలో అది చిక్కబడి స్ఫటికం కడుతుంది.

33. చిల్లుకుండ
చారు మరిగితే ఉప్పు ఎక్కువైనట్టు. ఇది నాకు తలకెక్కింది.

34. ఫిజియో_గోదారి
అయితే కరపత్రంలో ఆ వాక్యం తీసేసి ఇది పెట్టొచ్చా? "మందులో కొంత రక్తంలోకి చేరుతుంది. షుగరు ఉన్నవాళ్ళకి కొన్ని రోజులు పెరగవచ్చు, రోజుకి రెండుసార్లు చూసుకోండి. ఒక రోజు మోకాలికి విశ్రాంతి ఇవ్వండి."

35. మందుల_చీటీ
"కొన్ని రోజులు" కొట్టేసి "వారం" అని రాయండి. కొన్ని రోజులంటే మనవాళ్ళకి రెండు. రెండుసార్లు అంటే ఎప్పుడెప్పుడో కూడా రాయండి, పరగడుపున ఒకటి, రాత్రి భోజనం అయిన రెండు గంటలకి ఒకటి. ఇన్సులిన్ వాడేవాళ్ళకైతే ఎంత దాటితే ఫోన్ చేయాలో ఆ అంకె డాక్టరు చేత పెన్నుతో రాయించండి, అచ్చులో వద్దు. ఒక్కొక్కరిదీ వేరు.